తేదీ లేని జబ్బు

మొదటిసారి నాజిబ్రోలా వచ్చినప్పుడు
ఊరంతా ముక్కు చీదుతోంది.
బడి మూసేశారు, రొట్టెల కొట్టు ఒంటిపూటే.
నీరసం, ఒళ్ళునొప్పులు, బొంగురు గొంతు.
పూర్తిగా వినకముందే రాసేశాను, వైరస్ అని.
వేడినీళ్ళు, వెల్లుల్లి, వారంరోజుల పడక.
ఈ స్వానేతి కొండల్లో నర్సు పనంటే
సగం అలవాటు, సగం అరువు ధైర్యం.

రెండోసారికి మంచు మోకాళ్ళ లోతు.
పడుకున్నవాళ్ళంతా లేచారు, ఆమె తప్ప.
"మళ్ళీ తగులుకుందేమో" అన్నాను.
తలూపింది, నన్ను నొప్పించడం ఇష్టంలేనట్టు.
పొయ్యి ఎర్రగా మండుతున్నా
ఒంటిమీది కోటు విప్పలేదు.
చూశాను.
చూసి ఊరుకున్నాను.

చర్చిలో ముగ్గురు పాడితే
పైన నిలిచే సన్నటి గొంతు ఆమెది.
ఆ ఆదివారం అది కిందికి జారింది,
చీకట్లో మెట్టు తప్పినట్టు.
దారెజాన్ ముసలమ్మ నా మోచేయి పొడిచింది:
"జలుబు పాటను ఆపుతుంది పిల్లా,
ఇలా కిందికి దింపదు."

మర్నాడు నేనే వాళ్ళింటికి వెళ్ళాను.
ఎప్పుడు మొదలైంది అని అడిగాను,
మొదటిరోజే అడగాల్సిన మాట.
"గడ్డి కోతలప్పుడు... కాదు, అంతకుముందే..."
వేళ్ళు మడిచి, విప్పి, వదిలేసింది.
వైరస్‌కి తేదీ ఉంటుంది.
బుధవారం వణికాను, శుక్రవారం చెమట పట్టింది అంటారు.
పైగా అది ఇంట్లో ఎవర్నీ వదలదు.
ఇదేమో మొగుణ్ణీ పిల్లల్నీ దాటుకొచ్చి
ఈమె పక్కనే పీట వేసుకుంది.
నాడి పట్టుకున్నాను.
జ్వరమైతే పరుగెత్తాలి కదా,
ఇది బండి లాగుతూ ఏటవాలు ఎక్కే ముసలి ఎద్దు:
ఒక అడుగు. ఆగు. ఇంకో అడుగు.
కనుబొమ్మల చివర్లు ఎప్పుడో రాలిపోయాయి.
ఎన్నిసార్లు ఎదురుగా కూర్చున్న ముఖం!

రక్తం తీసి, ఉన్ని తొడుగులో చుట్టి
జుగ్దీది వెళ్ళే వ్యాను బెసిక్ చేతికిచ్చాను.
కొండచరియ పడి తిరుగుదారి మూసుకుంది.
కాగితం రాలేదు, ఫోనొచ్చింది.
ఆ అంకె మళ్ళీ చెప్పమన్నాను.

మా నాయనమ్మ మెడలో కోడిగుడ్డంత వాపుండేది.
ఆ కాలం ఫొటోల్లో చాలామందికి అంతే.
థైరాయిడంటే మెడ ఉబ్బాలి,
నా కళ్ళకి తెలిసిన పాఠం అదొక్కటే.
నాజిబ్రోలా మెడ నున్నగా ఉంది.
మా ఉప్పుకి దేశమంతా పేరు:
వెల్లుల్లి, నీలిమెంతి, బంతిపూల పొడి.
దాంట్లో అన్నీ ఉంటాయి,
ఈ కొండలకు సముద్రం ఇవ్వనిది తప్ప.
ఆమెది ఉప్పు లోటో, ఒంటితో ఒంటికే పడని తగవో
పెద్ద డాక్టరు ఇంకా తేల్చలేదు.

రోజూ టీకి ముందు, ఖాళీ కడుపున, చిన్న మాత్ర.
వేసవికి కోటు విప్పింది.
గొంతు మాత్రం సగం మెట్లే ఎక్కింది.
నేను క్షమాపణ అడగబోతే
జున్ను ముక్క చేతిలో పెట్టి, మాట మార్చింది.

నిన్న ఓ పిల్లాడొచ్చాడు,
మూలుగుతూ, తుమ్ముతూ, ఒళ్ళు కాలిపోతూ.
వైరసేనని తెలుస్తూనే ఉంది.
అయినా అడిగాను, ఎప్పట్నుంచిరా అని.
"మొన్న మధ్యాహ్నం, లెక్కల క్లాసులో!"
ఠక్కున చెప్పాడు.
ఆ జవాబు విని
ఎంత హాయిగా నిట్టూర్చానో
వాడికేం తెలుసు.