చపాటా

మధ్యాహ్నం కాంటా ఆగినంక
జుబేదా ఫోనును ఖాళీ టిఫిన్ గిన్నెల నిలవెట్టింది.
పాట పెద్దగ వినవడాలంటే
ఎనుమాముల షెడ్డు కింద అదొక్కటే ఉపాయం.

ఇరవై ఒక్క ఏండ్లకు
చపాటా మళ్ల పాడింది.

కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లలు నలుగురు
మన మిరపకాయ పేరే పెట్టుకున్నరప్పుడు.
ఎర్ర ఓణీలు, తెల్ల కాన్వాసు బూట్లు.
చౌరస్తాల క్యాసెట్ ముప్పై రూపాయలు.
నేను కొనలే. హాస్టల్ల మా రూమ్ పిల్ల సుభాషిణి కొన్నది.
రీలు తెగితే గోళ్ల రంగుతోని అతికిచ్చినం.
అందుకే మూడో పాటల
ఒక మాట నాకు ఎన్నడూ వినవడలే.
ఆ జాగల ఒక చిన్న టక్కు,
మళ్ల పాట.

మొదటి పాట అయిపోంగనే
దడువాయి సదానందం పెదవి విరిచిండు:
"పేరుకు తగ్గట్టే ఉన్నది.
రంగు మస్తు, కారం లేదు."
ఆయన బస్తాల చెయ్యి పెట్టకుంటనే
ధర చెప్పే మనిషి.

డిగ్రీ చదువుకుంట సెలవుల కూలికొచ్చే స్పందన
ఆ నలుగురి పేర్లు కూడా ఎరగదు.
"డప్పు బాగుంది గానీ
మా అమ్మ వంట చేసుకుంట
పాడినట్టుందక్కా" అన్నది.
అది తిట్టో మెప్పో దానికే తెల్వదు.
కొమురమ్మ మాత్రం
"మీ అమ్మ అంత మంచిగ పాడుతదా,
ఒకసారి తోల్కరా" అన్నది.

రెండో పాటల సువార్త గొంతు పైకి పొయ్యి
సగంల ఆగింది.
ఒకప్పుడు ఆ గొంతు
వరంగల్ ఫోర్టు రోడ్డంత పొడుగుండె.
"అయిపాయె" అన్నడు సదానందం,
బీడీ పారేసినట్టు.
హమాలీ మొగిలి ఊకోలే:
"ఆగలే సారూ, అందిచ్చింది.
నాజ్నీన్ అందుకున్నది, ఇనుండ్రి.
బస్తా నడుమ మెట్టు మీద
నా వీపు మీదికెల్లి ఐలుమల్లు వీపు మీదికి పోతది గదా.
కింద వడ్డదా? వడలే."
మొగిలి పాట గురించి మాట్లాడుడు
మేము అదే సూసుడు.

అయిదో పాటల దగ్గు వచ్చింది.

షెడ్ల పదకొండు మందిమి, ముక్కులకు కొంగులు,
కండ్లల్ల నీళ్లు, దగ్గులు ఎన్నో.
ఎవలు దగ్గిండ్రని ఎవలు అడుగుతరు?
కానీ కొమురమ్మ అన్నది, "మనది కాదది."
వెనుకకు జరిపి మళ్ల విన్నం.
మూడుసార్లు విన్నం, ఊపిరి బిగవట్టి.
మంత్రాలయ్య చేతులున్న ఎండుకాయ గలగల ఆగింది.
నిజమే. పాటలనే ఉన్నది,
రెండు చరణాల నడుమ, ఒక ఆడమనిషి దగ్గు.

"గంత పైసలు పెట్టి తీసిన పాటల
దగ్గు తీయరాదా?" అన్నది స్పందన.
"మెషీన్ల మీద చిటికెల పోతది."
జుబేదా నవ్వి చెయ్యి సాపింది,
గోర్ల సందులల్ల ఎర్రదనం, మంట తగ్గని చెయ్యి.
"తొడిమ తీయనిది పిల్లా.
తొడిమున్న కాయే
ఎక్కువ దినాలు నిలువుంటది."
దాని మీద ఎవ్వలూ ఏం అనలే.
తొడిమలు తీసుటానికే గదా
మాకు కిలోకు ఇంతని ఇచ్చేది.

సదానందం పోకుంట పోకుంట
"పాతదే బాగుండె" అన్నడు.
ఆయనకు పాతది అన్నీ బాగుండె,
పాత కాంటా, పాత కమీషన్,
పాత మోకాళ్లు.

ఆఖరున నలుగురు కలిసి
ఆ మూడో పాటనే మళ్ల పాడిండ్రు.
మెల్లగ, తాళం లేకుంట.
నేను తక్‌పట్టీల బుక్కు మూసిన.
నా టక్కు వచ్చే జాగ దగ్గరికొస్తుంటే
అరచెయ్యి చెమటవట్టింది,
గోళ్ల రంగు వాసన యాదికొచ్చింది.

మాట వినవడ్డది.
"కొంచెం" అట.
గంతే.
ఇరవై ఒక్క ఏండ్లు
నేను ఆ జాగల ఏమేమో పెట్టుకున్న.

"పట్టీలక్కా, నువ్వేం అనవ్?
ఎట్లున్నది?" అని అందరూ నా దిక్కు తిరిగిండ్రు.
బుక్కు తెరిసిన.
కార్బన్ కాయితం సగం జారిపోయి ఉన్నది.
"తేజ, ముప్పై ఎనిమిది కిలోలు,
గీ బస్తా ఎవలది?" అన్న.