కొవ్వొత్తుల లెక్క

కామా నది గడ్డకట్టి మూడు వారాలైంది.
సున్నా కింద ఇరవై ఎనిమిది.
ఆ చలిలోనూ నా కొట్టు ముందు వరస,
మీసాల మీద మంచు పేరుకుంటున్నా కదలని వరస.
శుక్రవారం లోకం ముగుస్తుందట.
సూర్యుడి వెనక దాక్కున్న గ్రహమొకటి
గురి చూసుకుని మన మీదికే వస్తోందట.

నేను నఫీసాని.
ఉప్పు, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు, ఉన్ని మేజోళ్ళు.
సోమవారం మధ్యాహ్నానికి నూట పది కొవ్వొత్తులు పోయాయి.
మంగళవారం ధర రెండు రూబుళ్ళు పెంచాను.
ఒక్కరూ బేరమాడలేదు.
బేరమాడని ఊరిని చూసి
అప్పుడు వేసింది నాకు భయం.

ఫానిస్ మూడు మూటల ఉప్పు భుజానికెత్తుకున్నాడు.
భూమి బద్దలయ్యాక ఏం ఊరబెడతావురా అని అడగలేదు నేను.
అమ్మేవాళ్ళకి నాలుక పొట్టిది.
చంకలో లైబ్రరీ పుస్తకంతో ఐగిజ్ అడిగాడు, ఎనిమిదేళ్ళవాడు:
"శనివారం గడువు. ఇచ్చెయ్యాలా, అక్కర్లేదా?"
వరసంతా తమ బూట్లకేసి చూసుకుంది.

అప్పుడొచ్చింది తస్కిరా ఆపా,
ముప్ఫై ఏడేళ్ళు లెక్కలు చెప్పి మోకాళ్ళరగ్గొట్టుకున్న మనిషి.
వంద గ్రాముల ఆవాలు చాలంది.
కొట్టు మధ్య పొయ్యి చూపించి "ఇది సూర్యుడు" అంది.
ఫానిస్ చేతిలో ముల్లంగి పెట్టి "నువ్వు భూమివి, నడువు" అంది.
నూట ఇరవై కిలోల భూమి
సిగ్గుపడుతూ పొయ్యి చుట్టూ తిరిగింది.
సగం చుట్టులో ఆపింది:
"ఇందాక వెనకున్నదంతా ఇప్పుడు నీ ముక్కు ముందుంది.
జూన్‌లో మనమంతా అటువైపే ఉన్నాం కదా,
ఎవరికీ ఎదురుపడలేదే?"

"అదీ మనతో పాటే తిరుగుతూ దాక్కుంటే?" ఎవరో గొణిగారు.
"దాగుడుమూతలాడేదైతే
మన మీదికెప్పుడొస్తుంది నాయనా?
మూడు రోజుల్లో గుమ్మం తొక్కే చుట్టం
ఈపాటికి వీధి మొదట్లో కనబడాలి,
చుక్కలన్నిటికంటే పెద్దగా, పట్టపగలు కూడా.
కళ్ళు మీవే. రాత్రికి నది మీదికి రండి."

వెళ్ళాం, పదిహేడు మందిమి.
మంచు కింద నీళ్ళు మూలుగుతున్నాయి.
"అదిగో!"
ఎత్తుగా, ఎర్రని రోహిణి పక్కన,
రెప్ప వేయకుండా తెల్లగా ఒకటి.
నా పొట్టలో ఏదో జారింది.
ఆపా తన పాత బైనాక్యులర్స్ నా మెడలో వేసి,
చేతులు వణుకుతుంటే వెల్లకిలా పడుకోమంది.
పడుకున్నాను, ఊరంతా చూస్తుండగా, నలభై ఆరేళ్ళదాన్ని.
చిన్న పళ్ళెం. దాని పక్కన ఒకే గీతలో
మూడు చుక్కలు, ఊపిరి బిగపడితే నాలుగోది,
ఆవగింజల్లా.
"గురుడు" అంది ఆపా. "నలుగురు పిల్లల్ని వేసుకుని
తన దారిన తాను తిరుగుతున్నాడు.
మన జోలికి ఎన్నడూ రాలేదు."
నవ్వబోయాను. పళ్ళు టకటకలాడాయి.

శుక్రవారం వచ్చింది. పాలబండీ వచ్చింది.
సాయంత్రం కరెంటు కూడా పోలేదు.
శనివారం ఫానిస్ రెండు మూటల ఉప్పు వెనక్కి తెచ్చాడు,
నా మొహం చూడకుండా.
తీసుకున్నాను, డబ్బులిచ్చాను.
కొవ్వొత్తులు వెనక్కి తేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి
కొవ్వొత్తికి రెండు రూబుళ్ళ చొప్పున చేతిలో పెట్టాను.
ఎందుకంటే, చిల్లర పొరపాటన్నాను.

జనవరిలో చెక్కమిల్లు గేటుకి కాగితం అంటించారు.
నూట నలభై మంది పేర్లు.
దానికోసం ఎవరూ ఆకాశం చూడలేదు, ఎవరూ వరస కట్టలేదు.
ఆ వారం ఫానిస్ ఒక మూట ఉప్పు
అప్పు అడిగాడు.

ఐగిజ్ సంగతి చెప్పనేలేదు.
పుస్తకం సోమవారం తీసుకెళ్ళాడు.
లోకం ముగుస్తుందనుకున్నాను అన్నాడట.
లైబ్రేరియన్ కళ్ళజోడు పైకి తోసుకుని
మూడు రూబుళ్ళ జరిమానాకి రసీదు రాసిచ్చింది,
తేదీ వేసి.