లెక్కలా మ్మే?

తిరుపతిలో కాపురముండే వాళ్ళకు
చుట్టాలు తేదీ చెప్పి రారు.
దర్శనం టికెట్టు దొరికిన రోజే మనం గుర్తొస్తాం.

కొర్లగుంటలో మాది మిద్దె మీద రెండు గదులు.
ముందరి గదిలో కుట్టుమిషను,
దాని మీద చెక్క పలక,
పలక మీద నా నోటుబుక్కు.
పగలు పాదం పెడల్ మీద,
రాత్రి పాదం పేజీ మీద.

మంగళవారం నించీ ఒక్క పాదం నన్ను తిప్పుతా ఉంది.
సగమే వచ్చింది:
నిద్రపోయే ఇంటికి కాపలా కాసే...
కాసేది ఏమిటో తెలీదు.
బియ్యం కడిగేటప్పుడు నాలుక దాకా వచ్చింది,
చేతులు తుడుచుకునే లోపల
జోషిత స్కూలు వ్యాను హారను కొట్టింది.
ఇంకోసారి వచ్చింది, మా ఆయన చారులో ఉప్పు అడిగినాడు.
ఉప్పు వేసినాను. పాదం పోయింది.

ఆయన కొండ బస్సు నడుపుతాడు.
నా అవస్థ చెప్తే
"మలుపులో ఆలోచన చేస్తా కూర్చుంటే బస్సు లోయలో ఉంటాది" అంటాడు.
ఆ మాట కూడా రాసి పెట్టుకున్నా,
ఎప్పటికైనా పనికొస్తుందని.

శుక్రవారం రాత్రి పదకొండుంబావు.
అందరూ పడుకున్నారు. పెన్ను మూత తీసినా.
మెట్ల మీద సంచుల చప్పుడు.

మా పెద్దాడబిడ్డ తోడికోడలికి పిన్నమ్మంట,
కదిరి నించి, ఇద్దరు మనవళ్ళతో.
"రూములు లేవన్నారు తల్లీ,
తెల్లారుజామున పైకి పోతాం, ఇంత చోటిస్తే చాలు."

చోటివ్వడమంటే
పలక దించడం, మిషను గోడకు జరపడం,
సగం పాదాన్ని
గుండీలు కుట్టని జాకెట్ల కింద దాచడం.
కోపం రాలేదని రాస్తే అబద్ధం.
ఉప్మా గరిటెతో గిన్నె అంచు మీద
నాలుగు దెబ్బలు ఎక్కువే కొట్టినా.

పిలకాయలు తిని పడిపోయినారు.
నేను వంటింటి గడపలో కూర్చుని మళ్ళీ తెరిచినా.
పెద్దామెకు నిద్ర రాలేదు. పేరు ఓబుళమ్మ.
వచ్చి ఎదురుగా చతికిలబడి, ముడి విప్పి,
తెల్లారితే దేవుడికి ఇచ్చేసే జుట్టుకు
నూనె రాసి, ఒక్కో చిక్కూ తీస్తా ఉంది,
పెండ్లికూతుర్ని సాగనంపుతున్నట్టు.

"లెక్కలా మ్మే?" అనింది.
కవిత్వమని చెప్పడానికి నోరు రాలేదు.
"ఊ, లెక్కలే."
"అయితే నావీ రెండు రాయి. నాకు రాత రాదు."

రాసినాను.
బస్సుకు ముగ్గురికీ ఇంత.
దారిలో ఉడకేసిన చెనిక్కాయలు, ఇరవై.
చిన్నోడు పారేసుకున్న చెప్పు ఒకటి,
"రెండోది ఉంది గదా, సగం ఖరీదే వెయ్యి."
హుండీకి నూటపదకొండు:
నూరు వాళ్ళాయన మొక్కు, పదకొండు ఈమెది.
ఆయన పోయి ఆరేండ్లంట.
"మనిషి పోతే మొక్కు పోతుందా?"

తర్వాత చాలాసేపు ఏమీ చెప్పలేదు.
దువ్వెన ఆగింది.
"ఇంకొకటి. ఆయప్ప నాకొక చీర బాకీ.
ఎర్రంచుది. రాసినావా?
ఇప్పుడు దాన్ని కొట్టెయ్యి. వదిలేసినా."

రాసి, కొట్టేసినా.
ఇన్నేండ్లలో ఎన్ని మాటలు కొట్టేసి ఉంటానో,
చెయ్యి వణికింది ఈ ఒక్క గీతకే.

నాలుగ్గంటలకే పోయినారు.
సాయంత్రం మూడు గుండ్లతో వచ్చి, సంచులు తీసుకుని,
జోషిత చేతిలో సగం లడ్డు పెట్టి
కదిరి బస్సుందని ఒకటే పరుగు.
మెట్ల మధ్యలో ఆగి, నున్నటి తల మీద కొంగు లాక్కుంటా
"లెక్క సరిపోయిందా?" అనింది.
లోపల కుక్కరు కూసింది.
ఏం జవాబు చెప్పినానో గుర్తు లేదు.

ఈ రాత్రి పలక మళ్ళీ మిషనెక్కింది.
పాదం ఇంకా కాపలా కాసే దగ్గరే నిలబడి ఉంది.
పేజీ మడతలో ఒక వెంట్రుక దొరికింది,
తెల్లది, మూరెడు, ఇంకా నూనె మెరుపుతో.
తలంతా ముట్టింది గానీ
ఇదొక్కటీ దేవుడికి బాకీ.

మా ఆయనకిస్తే
రేపటి డ్యూటీలో పైకి తీసకపోతాడు.
ఇంకా చెప్పలేదు.

అత్తమ్మ దగ్గుతా ఉంది.
నీళ్ళు పెట్టినానో లేదో.
లేస్తున్నా.