పదిహేనో నంబరు పానా

తెల్లవారుజాము అయిదు. బెర్గామోలో పొగమంచు
రన్‌వేని తుడిచేసింది.
నా తెర మీద మాత్రం అన్నీ స్పష్టం:
నారింజ రంగు రొట్టె, ఆకుపచ్చ గాజు, నీలం ఇనుము.
మనుషుల్ని నేను ముందు ఇలాగే చూస్తాను,
మొహాలు ఆ తర్వాత.

ఇప్పుడు ట్రేలో
ఎవరో సైకిల్ని తినేసి ఎముకలు మిగిల్చినట్టు:
రెండు పెడళ్ళు, అరికాళ్ళకు ఇనుప పళ్ళున్న బూట్లు,
తాబేటి చిప్పలాంటి హెల్మెట్,
మధ్యలో ముక్కు ముందుకు చాచి ఒక సీటు.
చక్రం లేదు. చైను లేదు. హ్యాండిల్ లేదు.

"తక్కిందంతా ఏదీ?" అన్నాను.
"కాల్యరిలో అద్దెకు దొరుకుతుంది," అన్నాడు ఎలీజో జాంబెత్తి,
డెబ్బై రెండేళ్ళవాడు,
బెల్టు విప్పిన ప్యాంటు ఒక చేత్తో ఎగబట్టుకుని.
"సైకిలు ఎవరిదైనా పర్లేదు సిన్యోరా,
నా ఒళ్ళు తగిలే చోట్లు మాత్రం నావై ఉండాలి."

పోయిన వసంతంలో ఇవన్నీ సామానులో వేస్తే
ఆయన కాల్యరిలో దిగాడట, పెట్టె బారీలో దిగిందట.
మూడు రోజులు పరాయి సీటు మీద తొక్కి
నాలుగో రోజు నిలబడి భోంచేశాడట.
వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

సీటు చేతిలోకి తీసుకున్నాను. తోలు.
వేళ్ళకి రెండు గుంటలు తగిలాయి, ఎడమది కాస్త లోతు.
సెల్వీనో మలుపులు ముప్ఫై ఏళ్ళుగా ఎక్కుతూ
ఒక మనిషి ఒక పక్కకి ఒరిగిపోయిన సంగతి
డాక్టరుకు తెలుసో లేదో గాని దీనికి తెలుసు.
తెర మీద ఇది కనపడలేదు.
గుంటకి రంగు లేదు.

అడుగున, నూనె గుడ్డలో చుట్టి, చిక్కటి నీలం.
పదిహేనో నంబరు పానా.
స్కేలు పెట్టి కొలిచాను: ఇరవై ఆరు సెంటీమీటర్లు.
"ఇది రాదు."
"ఇది రాకపోతే పెడళ్ళు బిగించేదెలా?"
"కొట్టడానికి పనికొచ్చేది ఏదీ లోపలికి రాదు."
ఆయన బూటు తిరగేసి అరికాలి ఇనుము చూపించాడు.
సీటు కింద కడ్డీలు చూపించాడు.
తర్వాత నా స్కేలు వైపు చూశాడు. అదీ ఇనుపదే.

వెనక నించి ఒక కుర్రాడు, గడ్డం ఇంకా సరిగ్గా రానివాడు,
వేలెడంత అలెన్ కీ తీసి చాచాడు:
"దీన్ని పోనిస్తారు పెద్దాయనా, ఉంచుకో."
ఎలీజో పెడల్ ఇరుసు కొన చూపించాడు. నున్నగా ఉంది.
ఆ కీ దూరే కన్నాలు
పుట్టకముందు పుట్టిన పెడళ్ళవి.

వెనక్కి వెళ్ళి సామానులో వేస్తే యాభై యూరోలు.
విమానం తలుపు మూయడానికి పాతిక నిమిషాలు.
రెండూ చెప్పాను. చెప్పడం నా ఉద్యోగం.

"ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుంది," అన్నాడు,
నేనేదో ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినట్టు.
"కుడివైపు బిగించే తిప్పుడే
ఎడమవైపు ఊడదీస్తుంది. చాలామంది మర్చిపోతారు."
పానాని ట్రేలో పెట్టి, చెయ్యి దాని మీదే కాసేపు ఉంచి
తీసేశాడు.
చంకలో కోడిని పెట్టుకున్నట్టు సీటు పెట్టుకుని
ఆరో గేటు వైపు, ఎడమకి ఒరిగి, నడిచాడు.

ఆ ఉదయం పెట్టెలో పడ్డవి: కత్తెరలు రెండు,
తేనె సీసా, ఎవరి పెళ్ళిదో కేకు కోసే కత్తి.
శుక్రవారం బండి వస్తుంది. ఎక్కడికి పోతాయో మాకూ చెప్పరు.

పదకొండింటికి పొగమంచు విడిపోయింది.
ఈపాటికి కాల్యరిలో ఏ మెకానిక్ షాపు ముందో నిలబడి
రెండు చేతులూ చాచి చూపిస్తూ ఉంటాడు:
ఇంత. ఇంత పొడుగుంటుంది.

రిజిస్టరులో రాశాను: పానా, ఒకటి.
వివరాల గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తాం.
అందులో రాశాను: ఎడమ పెడల్‌కి ఎదురు తిప్పాలి.

సంతకం చేసేలోపే ఇంకో సంచీ లోపలికొచ్చింది.
అంతా నారింజ.
ఎవరో బోలెడు జున్ను తీసుకుపోతున్నారు.