గీతకి ఇవతల

బంతాడినందుకు జీతం పుచ్చుకున్న మనిషంటే
మా అమ్మ నమ్మలేదు.
"ఆటకి జీతవేటే గుంటా, అబద్ధాలాడకు" అంది
పలాసలో జీడిపిక్కలు కొడుతూ, తల ఎత్తకుండా.

నిజమే చెప్పాను.
పేడాడ కృపావతి మేడం
పదకొండేళ్ళు రైల్వే జట్టుకి పాయింట్ గార్డు.
ఖరగ్‌పూర్, గోరఖ్‌పూర్, కపుర్తలా...
ఏ ఊరి పేరెత్తినా
ఆ ఊరి కోర్టులో బంతి ఎంత ఎగురుతుందో చెప్పేది.
తర్వాత ఎడమ మోకాలు.
దాని గురించి అడిగితే
విజిలు ఊదేది.

శ్రీకాకుళంలో మా కాలేజీ కోర్టుకి
ఏటి గాలి నేరుగా తగుల్తుంది.
తిత్లీకి వంగిన పోలుని ఎవరూ నిలబెట్టలేదు.
తూర్పు రింగు జానెడు కిందికి దిగి
తట్ట దింపుకోబోతున్న మనిషిలా ఉంటుంది.
"ఇందులో వేస్తే ఎక్కడైనా వేస్తారు" అంది మేడం.
ఫిర్యాదు కాగితం మాత్రం
ప్రతి నెలా ప్రిన్సిపాల్ గారికి రాసేది.

మొదటి రోజే చాక్‌పొడితో గీత గీసి
తను ఇవతల నిలబడింది.
రెండేళ్ళు ఆ గీత దాటలేదు.
బంతి దొర్లి కాళ్ళ దగ్గరికొస్తే
బూటు అంచుతో లోపలికి నెట్టేది,
చేత్తో ముట్టేది కాదు.
ముట్టకపోయినా చేతులు ఊరుకునేవా!
మైలపల్లి నూకరత్నం బంతి పట్టుకుని దిక్కులు చూస్తుంటే
ఇటు ట్రాక్ ప్యాంటు జేబుల్లో
పది వేళ్ళూ కదిలేవి.
"రెండు లెక్కలు దాటి బంతి నీకాడుంటే
దొంగతనవే, నూకీ!"
అరిచినప్పుడు రైల్వే హిందీ ఎటుపోయేదో,
మా వూరి మాటే వచ్చేసేది.

నేనా? బెంచీ.
పొట్టిదాన్ని. జీడి రసానికి
వేలి కొనలు నల్లబడి తోలు రేగినదాన్ని.
ఓసారి నా చెయ్యి తిప్పి చూసింది.
జాలి పడుతుందనుకున్నాను.
"నీకు బంతి జారదు" అని
చెయ్యి తిరిగిచ్చేసింది.

అక్టోబరులో ఓ సాయంత్రం
స్తంభం మీదున్న ఆ ఒక్క లైటూ ఆరిపోయింది.
బ్యాగులు తడుముకుంటున్నాం.
"ఎక్కడికి?" గీత దగ్గర్నుంచి గొంతు.
"పేరు పిలవండి. పిలిచిన పేరుకి బంతెయ్యండి."

మొదట ముక్కులదిరాయి.
సవర చామంతి పెదవి చిట్లింది.
జారిన బంతి కోసం పాకుతూ
నవ్వాం, తిట్టుకున్నాం.
కాసేపటికి నవ్వు ఆగింది.
బూటు కిర్రుమంటే మనిషెవరో,
ఊపిరిని బట్టి ఎంత దూరమో తెలియసాగింది.

అప్పుడొచ్చిందో బంతి.
ఏ పేరూ పిలవకుండా వచ్చింది.
నేను పరుగులో ఉన్నాను.
ఇంకో అడుగేస్తే నా చేతులు ఎక్కడుంటాయో
సరిగ్గా అక్కడికే వచ్చి
టప్పున అరచేతుల్లో కూచుంది.
మాలో ఎవరి పాసు ఎంత బరువో నాకు తెలుసు,
బెంచీ మీద కూర్చుని నేర్చింది అదొక్కటే.
ఇది మా ఎవరిదీ కాదు.

కరెంటొచ్చింది.
మేడం గీతకి ఇవతలే ఉంది.
విజిలు నోట్లోనే ఉంది.
రొప్పుతోంది.
గీత ఒకచోట జానెడు మేర చెరిగిపోయింది.
బూటు ముక్కుకి తెల్లటి పొడి.
ఎవరం ఏమీ అనలేదు.
నూకరత్నం వెళ్ళి చాక్‌పొడి డబ్బా తెచ్చి
ఆ ముక్క మళ్ళీ గీసింది.

విజయనగరంలో ఏడు పాయింట్లతో ఓడిపోయాం.
చివరి నాలుగు నిమిషాలు నన్ను దింపింది.
మూడు పాసులు కుదిరాయి,
ఒకటి చామంతి వీపుకి తగిలింది.

తిరుగు బస్సులో డ్రైవరు వెనక సీట్లో
మోకాలికి బామ్ రాసుకుంటూ మేడం.
రణస్థలం దాటాక లోపలి లైట్లు ఆపేశారు.
వేయించిన పల్లీలు కొన్నట్టుంది,
వెనక్కి తిరక్కుండానే
భుజం మీంచి పొట్లాలు విసరడం మొదలెట్టింది.
ఒక్కటీ కింద పడలేదు.
నేను కిటికీ వైపుకి జరిగి
రెండు నిమిషాలే అయింది.
నా పొట్లం కిటికీ దగ్గరికే వచ్చింది.