మూడు మిల్లీమీటర్ల అబద్ధం

పట్టాలు జర్మనీవి.
హైదరాబాదులో ఒక రిటైర్డు గార్డు దగ్గర కొన్నాను,
సగం ధరకి, చుట్ట వాసనతో సహా.
లెక్కేస్తే మన పెద్ద లైను వాటి మీద
మూడు మిల్లీమీటర్లు ఇరుకవుతుంది.
ఎవరికీ కనపడదు.
నాకు రోజూ కనపడుతుంది.

బల్ల పన్నెండడుగులు. లేసు కంపెనీలో గుడ్డ కత్తిరించిన బల్ల.
కంపెనీ మూతపడ్డాక గుమాస్తాకి జీతం బకాయి కింద దక్కింది
ఇదీ, నడవని ఒక గోడ గడియారమూ.
పాలకొల్లు నుంచి నరసాపురం దాకా దీని మీదే పరిచాను.

పక్కింటి లోహిత్ వచ్చి, చుట్టూ రెండుసార్లు తిరిగి
"సొరంగం ఏదండీ?" అన్నాడు.
వాడు చూసిన బొమ్మరైళ్లన్నీ కొండలోంచే వస్తాయట.
ఏం చెప్పను?
ఇక్కడ నీళ్లదే ఎత్తురా అబ్బాయ్.
కాలువకి చేను పల్లం, చేనుకి మురుగుబోదె పల్లం,
వీటి మధ్య నిలువెత్తు రైలుకట్ట.
ఇంతకన్నా కొండ మనకి లేదు.
వంతెన మీద చక్రం గొంతు మారుతుంది చూడు,
సొరంగమనుకో.

చేలకి రంపప్పొట్టు, పచ్చరంగు.
ముందు నారుమడి పచ్చ కలిపాను, నచ్చలేదు,
పొట్టకొచ్చిన వరి పచ్చ కుదరడానికి ఒక వానాకాలం పట్టింది.
గోరింటాడ పక్కన చిటికెడు నేల
రొయ్యల చెరువులకి ఇచ్చేశాను,
బయటా అలాగే ఇచ్చారు కనక.
అక్క రాహేలమ్మ లేసు సూదితో వల అల్లింది, గోరంత.
"ఇందులో చేపేం పడుతుందిరా" అని తనే నవ్వి,
విప్పేసి,
ఇంకా సన్న కన్నుతో మళ్లీ అల్లింది.

టోకెను రింగు ఆవిడ రవిక హుక్కే, వంచి చేశాను.
అందుకునేది పితాని సూర్యారావు గారు,
రెండు సెంటీమీటర్ల మనిషి.
బండి ఆగకుండా పోతుంటే చెయ్యి చాచేవారు,
ఇంజను గాలికి ఖాకీ చొక్కా వీపున బుడగలా లేచేది,
మరుక్షణం రింగు ఆయన భుజాన ఉండేది.
చొక్కా ఉబ్బు మైనంతో తెచ్చాను. ముఖం రాలేదు.
ఇప్పుడు ఆ రింగుల్లేవు, ఆయనా లేరు,
కరెంటు తీగలొచ్చాయి.
నా లైనుకి తీగలు వేయలేదు.
పాతకాలం మీద ప్రేమ అనుకుంటారు చూసినవాళ్లు.
చెయ్యి వణుకుతోంది, అంతే,
సన్నతీగ అతకడం లేదు.

పది కిలోమీటర్లని ఎనభై ఏడుతో భాగిస్తే
నూటపదిహేను మీటర్లు.
న్యాయంగా ఈ బల్ల కిటికీ దూకి, సందు దాటి,
చిట్టూరి వారి మిల్లు గోడ చీల్చుకుని
కాలువ రేవులో దిగాలి.
అందుకని చాలా కోసేశాను:
కొబ్బరితోట ఒకటి, సమాధులు,
పరీక్షలనాడు పుస్తకంలోంచి తలెత్తకుండా దాటిన నేలంతా.

నరసాపురంలో లైను అయిపోతుంది.
ఇంజను విప్పుకుని, పక్క పట్టా మీద ఒంటరిగా వెనక్కి నడిచి
తోకకి తగులుకుంటుంది, అదే తల అవుతుంది.
వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి కూర్చున్న సీటు
పోయేటప్పుడు ముందుచూపు సీటు.
ఆరేళ్లప్పుడు ఇది కనిపెట్టింది నేనే అనుకున్నాను.

అవతల నదిలో స్తంభాలు లేచాయి.
కోనసీమ నుంచి లైను వస్తోందని
నాకు మీసాలు రాకముందు నుంచీ వింటున్నాను.
"నువ్వన్నా కట్టెయ్యరాదూ, నీకు బడ్జెట్టు అక్కర్లేదుగా"
అన్నాడు బావ, పకోడీ నములుతూ.
ఎక్కని లైను వెయ్యలేను బావా, అన్నాను.

అన్నాను కానీ
దిమ్మకి అవతల రెండంగుళాల చెక్క
రంగెయ్యకుండా వదిలాను.
సాయంత్రం అక్క సరిగ్గా అక్కడే టీ గ్లాసు పెడుతుంది.
తాగి గ్లాసు తీస్తే గుండ్రటి తడి.
తుడవను.
ఎనిమిదింటి పాసింజరు
దానికి అంగుళం ఇవతల వచ్చి ఆగుతుంది.