గడువు తీరని చిరునామా

రాత్రి రెండూ ఇరవై. నానక్‌రామ్‌గూడ, ఏడో అంతస్తు.
తెర మీద బిల్లింగ్ సర్వర్ ఎర్రగా.
ఫోన్లో సబిత ఆవలిస్తూ:
"బానే ఉందన్నా. సాయంత్రమే ఇల్లు మారింది."

నిజమే. నేనడిగితే డీఎన్ఎస్
కొత్త అంకెలే చెబుతోంది.
మానిటర్ మాత్రం
మధ్యాహ్నం విన్న జవాబు కొంగున కట్టుకుని
పాత తలుపే కొడుతోంది,
ఎవరూ పలకడం లేదని
నిమిషానికోసారి నాకు చాడీ చెబుతోంది.

క్యాష్ తుడిచాను. మళ్లీ అడిగించాను.
పచ్చ.

గుబులు అప్పుడు పుట్టింది.
ఆ పాత ఇంట్లో ఇంకో సర్వర్ దిగి ఉంటే?
తలుపు కొట్టగానే "ఆఁ" అని పలికేది.
తెరంతా పచ్చగా ఉండేది,
అసలుది చచ్చి పడున్నా
నేనిక్కడ చాయ్ తాగుతూ ఉండేవాణ్ణి.

తెల్లారి ఆటోలో ఖలీల్ భాయ్
"మెహతాబ్ టాకీస్ కాడ్నే గదా?" అన్నాడు.
టాకీస్ కూల్చి పదకొండేళ్లు.
అక్కడి టైల్స్ దుకాణం ముందు,
సరిగ్గా మా గల్లీ మొగదల దింపాడు.
చిల్లర లెక్కపెట్టుకుంటూ
నేనేమీ సరిచెయ్యలేదు.